చప్పుడు చేసేది వేరు, ప్రాణం తీసేది వేరు

కారు ముందు భాగం నుంచి టకటకమని చప్పుడు మొదలైతే చాలామంది పాటల సౌండు పెంచుతారు. అది భరించలేనంత అయ్యాక మెకానిక్ దగ్గరికి వెళ్లి "సస్పెన్షన్ పోయినట్టుంది, చూడండి" అంటారు. ఇక అక్కణ్నుంచి బేరం మన చేతిలో ఉండదు. లింక్ రాడ్లు మారుస్తారు, చప్పుడు పోదు. బుష్‌లు మారుస్తారు, అయినా పోదు. చివరికి షాకబ్జార్బర్లూ మారుస్తారు. బిల్లు పెరుగుతుంది, అసలు అరిగిన భాగం మాత్రం అక్కడే ఉండిపోతుంది.

ఈ అధ్యాయం మిమ్మల్ని మెకానిక్‌ని చేయదు. ముందు చక్రాల వెనక ఏ భాగం అరిగిందో మీ చేత్తో మీరే తెలుసుకుని, షెడ్డులో సరైన ప్రశ్న అడిగే స్థితికి మాత్రం తెస్తుంది. దానికి ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. చప్పుడు ఎంత పెద్దదైతే ప్రమాదం అంత పెద్దదనే లెక్క ఇక్కడ పనికిరాదు. అందరికంటే ఎక్కువ గోల చేసే లింక్ రాడ్ వల్ల కారు అదుపు తప్పడం అరుదు. బాల్ జాయింట్ మాత్రం పెద్దగా నోరెత్తకుండానే అరిగిపోయి, ఒక రోజు గుంతలో పడగానే ఊడి వచ్చి చక్రాన్ని పక్కకు వాల్చేస్తుంది. కాబట్టి చెవిని మాత్రమే నమ్ముకోకూడదు. కళ్లతో చూడాలి, చేత్తో ఊపి చూడాలి.

మనం తప్ప చూసేవాళ్లు లేరు

బ్రిటన్‌లో కారు వయసు మూడేళ్లు దాటితే ఏటా ఎంఓటీ పరీక్ష తప్పనిసరి. అందులో సస్పెన్షన్ కీళ్లు, స్టీరింగ్ ప్లే (ఉండకూడని వదులు కదలిక) కూడా చూస్తారు. మన దేశంలో సొంత కారు రిజిస్ట్రేషన్ ఒకసారి చేయిస్తే 15 ఏళ్ల వరకు చెల్లుతుంది. అది పూర్తయ్యాక ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. లారీలు, టాక్సీల్లాంటి రవాణా వాహనాలకు ఫిట్‌నెస్ పరీక్షలు ఉంటాయి గానీ సొంత కారుకు మొదటి 15 ఏళ్లలో అలాంటిదేమీ లేదు. అంటే ఆ కాలమంతా మీ కారు కీళ్లు బాగున్నాయో లేదో అధికారికంగా అడిగేవాళ్లే ఉండరు.

రోడ్లు మాత్రం రోజూ పరీక్ష పెడుతూనే ఉంటాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ హంప్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. చక్రం మెల్లగా ఎక్కి మెల్లగా దిగడానికే ఆ వెడల్పు. మన వీధుల్లో, ఊళ్ల మొదట్లో కనిపించే వాటిలో చాలా వరకు అడుగు, అడుగున్నర వెడల్పులో కుప్ప పోసిన తారు గట్లు. వాటి మీద ఎక్కిన ప్రతిసారీ దెబ్బ నేరుగా బుష్‌లకీ, కీళ్లకీ తగులుతుంది. దానికి వానాకాలం తోడవుతుంది. కీలుకు తొడిగిన రబ్బరు బూటు ఎక్కడైనా చిరిగితే బురద నీళ్లు లోపలికి పోతాయి, గ్రీజు బయటికి పోతుంది, ఇసుక రేణువులు లోహాన్ని తినేస్తాయి.

ముందు చక్రం వెనక ఏముంటుంది

మారుతి స్విఫ్ట్, వ్యాగన్ ఆర్, హ్యుందాయ్ ఐ10, టాటా టియాగో వంటి చిన్న కార్లన్నిటికీ ముందు వైపు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్ పద్ధతి. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు పేరు మీద వచ్చిన ఈ ఏర్పాటును ఫోర్డ్ కంపెనీ 1950లో బ్రిటన్‌లో తెచ్చిన కాన్సుల్ కారులో వాడింది. 1983లో రోడ్డెక్కిన మారుతి 800కీ ఇదే. తక్కువ భాగాలు, తక్కువ జాగా, తక్కువ ఖర్చు కావడంతో ఇంతగా నిలబడింది.

స్ట్రట్ అంటే షాకబ్జార్బరూ స్ప్రింగూ కలిసిన నిలువు కంభం. దాని పై కొస స్ట్రట్ మౌంట్, బేరింగుల ద్వారా బాడీకి బిగిసి ఉంటుంది. కింది కొస నకుల్‌కి బిగుస్తుంది. చక్రం తిరిగే బేరింగును మోసేది ఈ నకులే. నకుల్ అడుగు భాగాన్ని పట్టుకునేది లోయర్ ఆర్మ్. ఆర్మ్ లోపలి వైపు రెండు రబ్బరు బుష్‌లు, బయటి వైపు బాల్ జాయింట్ ఉంటాయి. మన తుంటి కీలులాగే బాల్ జాయింటులోనూ ఒక గుండు గిన్నెలో కూర్చుని అన్ని వైపులా తిరుగుతుంది.

మలుపుల్లో కారు మరీ ఒరిగిపోకుండా రెండు పక్కలనూ కలిపే ఇనుప కడ్డీ స్టెబిలైజర్ బార్. దాన్ని స్ట్రట్‌కో ఆర్మ్‌కో కలిపేది లింక్ రాడ్. కొన్ని చిన్న కార్లలో లింక్ రాడ్ ఉండదు, బార్ చివరే బుష్‌తో ఆర్మ్‌కు బిగిసి ఉంటుంది. ఇక స్టీరింగ్ వైపు చూస్తే మధ్యలో ర్యాక్, దాని రెండు చివర్లలో ముడతల రబ్బరు బూటు లోపల దాక్కుని ర్యాక్ ఎండ్, ఆ తర్వాత నకుల్‌ని పట్టుకుని టై రాడ్ ఎండ్ ఉంటాయి.

ఈ పేర్లు గుర్తుంటే చాలు. ఇక తనిఖీ మొదలుపెడదాం.

మొదటి మెట్టు: నడిపి చూడండి

అద్దాలు దించి, పాటలు ఆపి, పక్కన గోడ ఉన్న వీధిలో మెల్లగా వెళ్లండి. గోడకు తగిలి తిరిగొచ్చే చప్పుడు బాగా వినిపిస్తుంది. ఈ కింది లక్షణాల్లో ఏవి ఉన్నాయో రాసుకోండి.

• ఒక చక్రం మాత్రమే చిన్న గుంతలో పడినప్పుడు, గతుకుల రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తున్నప్పుడు కటకటమని చప్పుడు: ముందుగా లింక్ రాడ్‌ని అనుమానించండి.
• బ్రేకు వేయగానే, రివర్సులో వెళ్లి ఆగగానే 'దబ్' అని ఒక్క దెబ్బ: లోయర్ ఆర్మ్ బుష్.
• నిలబడిన చోటే స్టీరింగ్ తిప్పితే స్ప్రింగ్ ఎగిరినట్టు 'టంగ్' అనడం, మలుపు తర్వాత స్టీరింగ్ దానంతటది మధ్యకు రాకపోవడం: స్ట్రట్ బేరింగ్.
• వేగంతో పాటు పెరిగే ఊఁ మనే మోత, మలుపులో బరువు ఒక పక్కకు పడ్డప్పుడు అది మారడం: వీల్ బేరింగ్.
• స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలితే టక టక టక: ఇది సస్పెన్షన్ కాదు, ఇంజన్ శక్తిని చక్రానికి అందించే యాక్సిల్ జాయింటు.
• 80 దాటాక స్టీరింగ్ వణకడం: ముందు వీల్ బ్యాలెన్సింగ్ చేయించండి. తగ్గకపోతేనే కీళ్ల దాకా వెళ్లండి.
• బండి ఒక పక్కకు లాగడం: టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో చూడండి. ఉంటే ముందు రెండు చక్రాలను అటూ ఇటూ మార్చి నడపండి. లాగే దిశ కూడా మారితే లోపం టైరులోనే ఉన్నట్టు.

ఇవన్నీ అనుమానాలే. తీర్పు ఇంకా రాలేదు.

రెండో మెట్టు: టైరు చెప్పేది చదవండి

స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పితే ముందు టైరు ముఖం మొత్తం కనిపిస్తుంది. అరచేతిని టైరు మీద అడ్డంగా లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి జరపండి. ఒక దిశలో నున్నగా, మరో దిశలో రంపంలా తగిలితే టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తేడాగా ఉంది. అలైన్‌మెంట్ తప్పి ఉండాలి, లేదా టై రాడ్ ఎండ్, ర్యాక్ ఎండ్, ఆర్మ్ బుష్‌లలో ఒకటి వదులై ఉండాలి. లోపలి అంచు ఒక్కటే నున్నగా అరిగితే, చక్రం నిలువునా ఎంత వాలిందో చెప్పే క్యాంబర్‌నీ టోనీ రెండింటినీ అనుమానించాలి. టైరు చుట్టూ అక్కడక్కడా పల్లాలు పడితే షాకబ్జార్బర్ చక్రాన్ని రోడ్డుకు అదిమి పట్టలేకపోతోందని గానీ, బ్యాలెన్సింగ్ పోయిందని గానీ అర్థం.

టైరు గాడుల అడుగున 1.6 మిల్లీమీటర్ల ఎత్తులో చిన్న దిమ్మెలు ఉంటాయి. టైరు ముఖం వాటితో సమమైతే ఆ టైరు పని అయిపోయినట్టే. ఒక అంచు ఆ స్థితికి వచ్చి, మరో అంచు నిండుగా ఉంటే కొత్త టైరు కొనడానికి తొందరపడకండి. కారణం సరిచేయకుండా వేసిన కొత్త టైరూ అలాగే అరిగిపోతుంది.

మూడో మెట్టు: నేల మీదే, ఇద్దరు మనుషులతో

కారును చదునైన చోట నిలిపి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. ఇంజన్ ఆన్ చేయండి. చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు స్టీరింగ్‌ని వేలితో అటూ ఇటూ కదిపి, చక్రం కదలకముందు ఖాళీగా తిరిగే దూరం అంచు దగ్గర కొలవండి. చాలా చిన్న కార్లకు ఇది 30 మిల్లీమీటర్లు మించకూడదు. మీ కారు మాన్యువల్లో ఇచ్చిన అంకెనే ప్రమాణంగా తీసుకోండి.

ఇప్పుడు సాయానికి వచ్చినవాళ్లను స్టీరింగ్‌ని కొద్దిగా ఎడమకూ కుడికీ ఆపకుండా ఊపమనండి. మీరు చక్రం పక్కన కూర్చుని, కారు కిందికి దూరకుండా, టై రాడ్ ఎండ్ మీద వేళ్లు ఆనించండి. బోల్టు, సాకెట్ రెండూ ఒక్కటిగా కదలాలి. ఒకటి కదిలాక మరొకటి కదిలినా, వేలికి చిన్న 'టిక్' తగిలినా ఆ కీలు అరిగింది. బరువు చక్రాల మీదే ఉంటుంది కాబట్టి, జాకీ ఎత్తినప్పుడు దొరకని ప్లే ఇక్కడ దొరుకుతుంది. స్టీరింగ్ తనిఖీలన్నిటిలో ఎక్కువ నిజం చెప్పేది ఇదే.

తర్వాత అరచేతిని స్ప్రింగ్ బయటి వైపు తేలిగ్గా ఆనించండి, వేళ్లు చుట్ల మధ్య పెట్టొద్దు. స్టీరింగ్ నిండుగా తిప్పుతుంటే స్ప్రింగ్ మెత్తగా తిరగాలి. బిగుసుకుని ఒక్కసారిగా జారితే స్ట్రట్ బేరింగ్ పట్టేసినట్టే.

బానెట్ మూల నొక్కి వదిలే పాత పరీక్ష కూడా చేయండి. వదిలాక ఒకసారి పైకి లేచి నిలబడాలి. రెండు మూడుసార్లు ఊగితే షాకబ్జార్బర్ పోయింది. ఊగనంత మాత్రాన బాగున్నట్టు హామీ ఏమీ లేదు. బిగువైన సస్పెన్షన్ ఉన్న కార్లలో సగం పాడైన షాకబ్జార్బర్ కూడా ఈ పరీక్షలో పాసవుతుంది.

నాలుగో మెట్టు: జాకీ ఎత్తి

ఇక్కడ నియమాలు కచ్చితం. ఇంజన్ ఆపాలి. కారును ఫస్ట్ గేరులో, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో ఉంచాలి. నట్లు విప్పాలనుకుంటే చక్రం నేల మీద ఉన్నప్పుడే కొద్దిగా వదులు చేసుకోవాలి. జాకీని మాన్యువల్ చూపిన చోటే పెట్టాలి. ఎత్తాక జాక్ స్టాండ్ పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద శరీరంలో ఏ భాగమూ పెట్టకూడదు. విప్పిన చక్రాన్ని కారు అంచు కిందికి తోసి ఉంచండి. ఏదైనా జారితే బరువు దాని మీద ఆగుతుంది.

ముందు ఒక పక్క మాత్రమే ఎత్తండి. రెండో చక్రం నేల మీదుంటే ర్యాక్‌ని కదలకుండా పట్టి ఉంచుతుంది.

చక్రాన్ని గడియారం అనుకుని 12, 6 దగ్గర పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. ప్లే ఉంటే సాయానికి ఉన్నవాళ్లను బ్రేకు తొక్కి పట్టమనండి. ప్లే మాయమైతే అది వీల్ బేరింగ్. బ్రేకు తొక్కినా అలాగే ఉంటే బాల్ జాయింట్ గానీ, స్ట్రట్ గానీ. తర్వాత 9, 3 దగ్గర పట్టుకుని ఊపండి. ఇక్కడ మాత్రమే ప్లే ఉంటే టై రాడ్ ఎండ్ లేదా ర్యాక్ ఎండ్. టై రాడ్ ఎండ్ కదలకుండా ఉండి, రాడ్డు మొత్తం ముడతల బూటులోంచి కొద్దిగా వచ్చిపోతుంటే లోపలి ర్యాక్ ఎండ్ అరిగింది. రెండు దిశల్లోనూ ప్లే ఉంటే మళ్లీ బేరింగే మొదటి ముద్దాయి. గేరులో ఉంటే చక్రం తిరగదు కాబట్టి, హ్యాండ్ బ్రేకూ వెనక చక్రాల రాళ్లూ అలాగే ఉంచి న్యూట్రల్‌కి తెచ్చి, స్ప్రింగ్ మీద ఒక చెయ్యి ఉంచి, రెండో చేత్తో చక్రాన్ని తిప్పండి. గరగర స్ప్రింగ్‌లోకి వచ్చి తెలిస్తే సందేహం తీరినట్టే.

ఇప్పుడు మళ్లీ గేరులో పెట్టి చక్రం విప్పండి. స్టీరింగ్ ఒక పక్కకు తిప్పితే కారు కిందికి దూరకుండానే అన్నీ కనిపిస్తాయి.

బాల్ జాయింట్: లోయర్ ఆర్మ్‌కీ నకుల్‌కీ మధ్య లీవర్ పెట్టి మెల్లగా ఎత్తండి. రబ్బరు బూటును గుచ్చకండి. మాన్యువల్ ప్రత్యేకంగా పరిమితి ఇవ్వకపోతే, చేతికి తెలిసేంత కదలిక ఉండకూడదు. ఇన్నోవా లాంటి డబుల్ విష్‌బోన్ బండ్లలో స్ప్రింగ్ కింది ఆర్మ్ మీద కూర్చుంటుంది. అక్కడ చక్రం వేలాడుతుంటే స్ప్రింగ్ ఒత్తిడికి కీలు బిగుసుకుని ప్లే దాక్కుంటుంది. కాబట్టి ఆర్మ్ కిందే, కీలుకు దగ్గరగా జాకీ ఆనించి ఎత్తి చూడాలి.

ఆర్మ్ బుష్‌లు: పైపైన సన్నటి పగుళ్లు వయసు గుర్తులే. లీవర్‌తో కదిపినప్పుడు రబ్బరు లోహం నుంచి విడిపోయి నోరు తెరిస్తే మార్చాలి. వెనకవైపు పెద్ద బుష్‌ను ప్రత్యేకంగా చూడండి. బ్రేకు వేసినప్పుడల్లా ఎక్కువ భారం పడేది దాని మీదే.

స్ట్రట్: సన్నటి నూనె చెమ్మ మీద దుమ్ము పట్టి ఉండటం మామూలే. కంభం మీద నూనె ధార కట్టి కారితే దాని పని అయిపోయింది. స్ప్రింగ్ కింది చుట్టును చేత్తో తడిమి చూడండి, విరిగేది తరచూ అక్కడే.

రబ్బరు బూట్లు: బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్, ర్యాక్, యాక్సిల్, ఈ నాలుగింటి బూట్లనూ ముడతలు విప్పి మరీ చూడండి. ర్యాక్ బూటు, యాక్సిల్ బూటు చిరుగును వెంటనే పట్టుకుంటే బూటు ఒక్కటే మార్చి బయటపడవచ్చు. ఆలస్యం చేస్తే మొత్తం భాగమే మార్చాలి.

లింక్ రాడ్: ఒక చక్రం మాత్రమే గాలిలో ఉంటే బార్ మెలిపడి లింక్‌ను లాగి పట్టుకుంటుంది, ప్లే తెలియదు. రెండు చక్రాలూ నేల మీద ఉన్నప్పుడు గానీ, రెండూ ఎత్తి స్టాండ్లు పెట్టినప్పుడు గానీ దాన్ని చేత్తో పట్టుకుని ఊపాలి.

ఏది ఈరోజు, ఏది ఈ నెల, ఏది ఆగవచ్చు

దొరికిన లోపాలన్నిటికీ ఒకే తొందర అక్కర్లేదు. కాగితం మీద మూడు వరసలు గీయండి.

ఈరోజే: బాల్ జాయింట్ ప్లే, టై రాడ్ ఎండ్ లేదా ర్యాక్ ఎండ్ ప్లే, ఊగుతున్న వీల్ బేరింగ్, విరిగిన స్ప్రింగ్. వీటితో హైవే ఎక్కకండి. బాల్ జాయింట్ ఊడితే చక్రం వాలిపోతుంది. టై రాడ్ ఎండ్ ఊడితే ఆ చక్రం స్టీరింగ్ మాట వినదు.

ఈ నెలలో: చిరిగిన ఆర్మ్ బుష్, కారుతున్న స్ట్రట్, పట్టేసిన స్ట్రట్ బేరింగ్, చిరిగిన బూటు. ఇవి బ్రేకింగునూ టైర్లనూ మెల్లగా పాడుచేస్తాయి. బుష్ పూర్తిగా తెగి ఆర్మ్ ముందుకూ వెనక్కూ జరుగుతుంటే మాత్రం మొదటి వరసలోకి మార్చండి.

వీలు చూసుకుని: కటకటలాడే లింక్ రాడ్, బార్ బుష్‌లు, పైపైన పగిలిన రబ్బరు. విసుగు తప్ప వెంటనే ముప్పు లేదు.

చెవులకు ఎక్కువ బాధ కలిగించేది చివరి వరసలో పడటం గమనించండి.

షెడ్డులో నాలుగు మాటలు

విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లినా, కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లినా ఈ నాలుగూ గుర్తుంచుకుని అడగండి.

ఒకటి, మార్చమనే ముందు "ప్లే చూపించండి" అనండి. నిజంగా అరిగిన కీలును మీ చేతికిచ్చి చూపించడానికి మంచి మెకానిక్ ఎప్పుడూ వెనకాడడు. తీసేసిన పాత భాగాన్ని అడిగి తీసుకోండి.

రెండు, రబ్బరు బుష్ ఉన్న ఆర్మ్ బోల్టులను చివరి బిగింపు బిగించేటప్పుడు కారు బరువు చక్రాల మీద ఉండాలి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, కారు దించగానే లోపలి రబ్బరు మెలిపడి ఎప్పుడూ లాగినట్టే ఉంటుంది. కొత్త బుష్ కొన్నాళ్లకే చిరిగిపోవడానికి ఇది పెద్ద కారణం. అప్పుడు స్పేర్ పార్టు నకిలీదని తిట్టుకుంటాం.

మూడు, కీలు నట్టు వదులు కాకుండా అడ్డంగా గుచ్చే స్ప్లిట్ పిన్ కొత్తదే వేయాలి. రంధ్రం కలవకపోతే నట్టును వెనక్కి తిప్పకూడదు, తర్వాతి గాడి దాకా బిగించాలి. షాకబ్జార్బర్లు రెండు పక్కలా జతగా మార్చాలి. టై రాడ్ ఎండ్, లింక్ రాడ్ అరిగినవి మాత్రమే మార్చినా తప్పు లేదు.

నాలుగు, వీల్ అలైన్‌మెంట్ ఎప్పుడూ రిపేరు తర్వాతే. కీలులో ప్లే ఉండగా తీసిన అంకెలు బండి కదలగానే మారిపోతాయి. టై రాడ్ ఎండ్, ర్యాక్ ఎండ్, లోయర్ ఆర్మ్, స్ట్రట్ మారిస్తే అలైన్‌మెంట్ తప్పనిసరి. లింక్ రాడ్ ఒక్కటే మారిస్తే దాని కోసం డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు.

పాత కారు కొనేవారికి

సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి వెళ్లినప్పుడు పైన చెప్పిన మొదటి మూడు మెట్లకు పనిముట్లేమీ అక్కర్లేదు. యజమాని ఎదుటే చేయవచ్చు. ఒక పక్క లోయర్ ఆర్మ్, స్ట్రట్ కొత్తగా మెరుస్తూ రెండో పక్క పాతవి ఉంటే ఎందుకు మార్చారని అడగండి. గట్టి గుద్దు తగిలిన కార్లలో ఇలా కనిపిస్తుంది. టైర్లు నాలుగూ కొత్తవైతే మురిసిపోకండి. పాత టైర్లు చెప్పాల్సిన సాక్ష్యం వాటితో పాటే పోయింది. అలాంటి కారు అలైన్‌మెంట్ రిపోర్టు చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఈ తనిఖీని టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చి వేసుకునే ప్రతి 10,000 కిలోమీటర్లకూ జత చేయండి. చక్రాలు ఎలాగూ విప్పుతారు కాబట్టి అదనంగా పట్టేది కాసేపే. వానాకాలం ముగిశాక మరోసారి చూడండి. ప్రతిసారీ ఏ కీలు ఎలా ఉందో ఓ పుస్తకంలో తేదీ, కిలోమీటర్లతో రాసిపెట్టండి. మిగతా భాగాలకు టైము దొరక్కపోయినా, లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్లు రెండూ, టై రాడ్ ఎండ్‌లు రెండూ చూడకుండా మాత్రం కుటుంబాన్ని ఎక్కించుకుని దూర ప్రయాణం బయల్దేరకండి.